మొదటి వరుస బండ

తాండూరులో ఏ బడికి పోయినా కింద పరిచినవి నాపరాయి బండలే. మా అమ్మాయి చదివే రెండో తరగతి గదిలో బల్లలు లేవు. ఒక్కో పిల్లకు ఒక్కో బండ. పొద్దుటిపూటే బడి, ఇంటర్వెల్ ఉండదు. కదలకుండా కూర్చునే వాళ్లకు మొదటి వరుస దొరుకుతుంది. పాఠం మధ్యలో ఒంటికి పోతానని వేలెత్తిన పిల్ల మర్నాడు ఒక వరుస వెనక్కి పోతుంది. ఇది సారు పెట్టిన పద్ధతి. ఎన్నేళ్లుగా నడుస్తోందో ఎవరికీ గుర్తు లేదు.

మా అమ్మాయికి మొదటి వరుస దొరికిన రోజు నేను సంతోషపడ్డాను. పక్కింటామెకు చెప్పుకున్నాను కూడా. పొద్దున పాలు వద్దంటే మారాం అనుకున్నాను. నీళ్ల సీసా నింపింది నింపినట్టే ఇంటికొస్తే తాగడం మరిచిపోతోందని తిట్టాను. డిగ్రీ చదివిన బుర్రకు ఈ రెండూ కలిపి చూడాలని తోచలేదు.

రెండోసారి జ్వరం వచ్చినప్పుడు రైల్లో వికారాబాద్ తీసుకుపోయి లేడీ డాక్టరుకు చూపించాను. ఆమె నన్నే కోప్పడింది.

"బడి విడిచేదాక ఆపుకుంటున్నదంట. నాకు చెప్పింది, నీకు చెప్పలేదా? ఇట్లనే ఉంటే కిడ్నీల దాక పోతది. సారుకు చెప్పు."

సారుకు చెప్పడమట. అరవై తొమ్మిదిలో ఇదే వికారాబాద్‌లో మూడో తరగతి చదివినప్పుడు నేను ఏ సారు ముందూ నోరు తెరవలేదు. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక తెరుచుకుంటుందా?

పక్కింటామె కూతురిదీ అదే తరగతి. తోడు రమ్మన్నాను.

"నాకు డర్ అక్కా. మా ఆయన గూడ గా సారు దగ్గర్నే చదివిండు. ఇప్పటికీ ఎదురొస్తే సైకిల్ దిగుతడు" అందామె. "మా పోరికైతే ఫికరే లేదు. వస్తే లేచి పోతది, వెనక వరుసల కూసుంటది. మీదానికే గా బండ పిచ్చి."

ఇంట్లో నాలుగు వాక్యాలు తయారుచేసుకుని పోయాను. నేను నోరు తెరిచేలోపే సారు అందుకున్నాడు.

"మీ బిడ్డ మస్తు బుద్ధిమంతురాలమ్మా. పొద్దున కూసుంటే గంట కొట్టేదాక కదలదు. పిల్లల్ని గట్ల పెంచాలె."

"అంతా మీ దయ సార్" అని నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆ మాట నన్నెవరు అనమన్నారు? ఇల్లు చేరేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు డాక్టరు చీటీ పట్టుకుని, పాఠం జరుగుతుండగానే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"పాప ఆపుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది సార్."

"అన్నీ సాకులమ్మా. ఒకదాన్ని పంపితే పదిమంది లేస్తరు. నేను పాఠం గోడలకు చెప్పాల్నా?"

"పదిమందికి వస్తే పదిమందిని పంపున్రి సార్."

గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. గది మొత్తం నావైపు తిరిగింది.

"చదువుకున్నోళ్లు, మీరే గిట్లంటే ఎట్ల?"

"చదువుకున్న కాబట్టే గీ చీటీ తెచ్చిన. చూడున్రి."

కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ముందుగాల చెప్పాలె గదమ్మా."

"నిన్న అందుకే వచ్చిన సార్."

"నిన్న నమస్తే పెట్టి పోయిన్రు."

నిజమే. అందుకే ఇంకా మండింది.

సారు మా అమ్మాయివైపు తిరిగాడు. "పో బిడ్డా, పోయి రా."

అది కదల్లేదు. రెండు చేతులతో బండ అంచులు పట్టుకుని, "నాకు వస్తలేదు సార్" అంది. ఎవరికోసమైతే ఇంత దూరం వచ్చి వాదిస్తున్నానో ఆ పిల్లే. సారు నావైపు చూసిన చూపుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బండ పోతదని భయమా?" అని అడిగాను. ముఖం దించుకునే తలూపింది.

"ఎవ్వర్నీ వెనక్కి పంపనని ఒక్క మాట చెప్పున్రి సార్. లేకుంటే అది లేవదు. నేను పోను."

సారు నన్నూ చూడకుండా, పిల్లనూ చూడకుండా, నల్లబల్లకు చెప్పాడు.

"ఒంటికి పోయినోళ్లను వెనక్కి పంపుడు ఇగ లేదు."

మాట పూర్తికాకముందే మా అమ్మాయి నా పక్కనుంచి దూసుకుపోయింది. దాని వెనకే మొదటి వరుసలో వాళ్లు ఇంకో నలుగురు.

"చూసిన్రా?" అన్నాడు సారు.

"చూసిన సార్" అన్నాను. ఆ నలుగురి తల్లులకూ ఈ సంగతి తెలుసో లేదో. ఐదుగురూ తిరిగొచ్చి కూర్చునేదాకా నేను గుమ్మం వదల్లేదు. సారు కూడా పాఠం మొదలుపెట్టలేదు.