చిన్న దేశం పెట్టించుకున్న సంతకం

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క పోర్షన్‌లో ఒక అక్క కిరాయికి ఉండేది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి పెళ్లయి వచ్చింది. వాళ్ల నాన్న చేపల వేటకు వెళ్లే మనిషి. మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. నేను అప్పటికి సముద్రమే చూడలేదు.

ఏడో తరగతిలో మా సోషల్ సారు క్లాసును రెండు దేశాలుగా విడదీశారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మధ్యలో సముద్రం ఎవరిదో మాట్లాడుకుని తేల్చుకోవాలి. చిన్న దేశం తరఫున నన్ను, పెద్ద దేశం తరఫున క్లాసు లీడర్ని నిలబెట్టారు. అంతకుముందు ఓసారి నేను పాఠం చదువుతూ తడబడితే ఆ అమ్మాయి నవ్వింది, ఆమెను చూసి క్లాసంతా నవ్వింది. అప్పటినుంచి నేను బడిలో నోరు విప్పడమే మానేశాను.

"రేపు బడికి పోనక్కా, జరమొచ్చిందని చెప్త" అన్నాను ఆ సాయంత్రం. అక్క బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి, వాళ్ల నాన్న సంగతి చెప్పింది.

ఒకసారి గాలివానకు ఆయనా మరో ముగ్గురూ ఉన్న పడవ కొట్టుకుపోయి పక్క దేశం గస్తీ ఓడకు చిక్కిందట. మనకంటే చాలా చిన్న దేశం. ఆ నీళ్ల మీద రెండు దేశాలకూ అప్పటికే పేచీ. ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్నారు. కానీ ఆ దేశపు అధికారి వాళ్లకు అన్నం పెట్టించి, పొడి బట్టలిచ్చి, స్వయంగా మన ఓడ దగ్గరికి తెచ్చి అప్పగించాడు. అప్పగించినట్టు మన అధికారి చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ కాగితంలో 'మా జలాల్లో దొరికిన నలుగురు' అని రాసి ఉంది. అంటే ఆ నీళ్లు వాళ్లవేనని మనవాళ్లు ఒప్పుకున్నట్టే.

"మనోళ్లు ఏమన్నరక్కా?"

"ఏమంటారు? మనుషులు ఎదురుగా ఉంటే సంతకం పెట్టకుండా ఎలా ఉంటారు? ఆ అధికారి అరవలేదు, బతిమాలలేదు. మంచి చేస్తూనే తన మాట నెగ్గించుకున్నాడు. మా నాన్న బతికినన్నాళ్లూ ఆయన్ని తలుచుకునేవాడు."

మర్నాడు లీడరు చాలాసేపు గట్టిగా మాట్లాడింది. నా వంతు రాగానే, "మీ జాలర్లు నలుగురు తుఫానుకు మా దిక్కు వచ్చిండ్రు. మంచిగున్నరు, తీసుకపోండి" అని, రాత్రి రాసుకున్న అప్పగింత కాగితం ఇచ్చాను. తనే గెలిచాననుకుని ఆమె చదవకుండానే సంతకం పెట్టేసింది. సారు దాన్ని ఆమె చేతే పైకి చదివించారు. 'మా జలాల్లో' అన్న చోట ఆమె ఆగిపోయింది. సారు నవ్వి, "సంతకం నీదే కదమ్మా" అన్నారు.

సముద్రం ఎవరిదో ఆ రోజు తేలలేదు. మధ్యాహ్నం మాత్రం ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. "గిది నీకు ఎవరు చెప్పిండ్రు?" అని అడిగింది. పక్కింటి అక్క అని గర్వంగా చెప్పాను.

తర్వాత ఉద్యోగంలోనూ, ఇప్పుడు ఎల్బీనగర్‌లో మా కాలనీ పనుల మీద తిరిగేటప్పుడూ నాకంటే పెద్దవాళ్ల ఎదుట ఎన్నోసార్లు కూర్చున్నాను. ముందు వాళ్లకు నేను చేయగలిగిన మేలేమిటో చూస్తాను. అది చేస్తూనే, నాకు రావాల్సిందేమిటో స్పష్టంగా చెబుతాను. అన్నిసార్లూ నెగ్గానని కాదు. కానీ ఎవరి ముందూ తల దించుకోలేదు, ఎవరినీ శత్రువును చేసుకోలేదు. అది ఆ అక్క పెట్టిన భిక్ష.