నోటికి అడ్డం పెట్టిన కొంగు

పెనుబల్లిలో మా మేనత్త పోయిందని తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. "నిద్రలోనే పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది.

ఆమెను ఎరిగినవాళ్లు కూడా ఆమె నోరు చూసి ఉండరు. నవ్వినా, మాట్లాడినా కొంగు అడ్డం పెట్టుకునేది. ముప్పై దాటకుండానే పళ్లు ఒక్కొక్కటే కదిలి ఊడిపోయాయి. పళ్లు తోముకోదని అత్తింట్లో పేరు పెట్టారు. ఆవకాయ కలిపే రోజు ఆమెను వసారాలోకి పంపేసేవారు, జాడీ పాడవుతుందట! ఆ ఇంట్లో ఆమెలా తోమినవాళ్లే లేరు. పొద్దున వేపపుల్ల, అన్నం తిన్నాక ఉప్పు, రక్తం వచ్చేదాకా. "నేను తోమని పూట ఒక్కటి చెప్పమను, చూద్దాం" అనేది. ఎవరూ చెప్పలేదు, నింద మాత్రం మానలేదు.

మా నాన్నకూ నలభై లోపే పళ్లు పోయాయి. నాన్నమ్మకూ అంతే. నాన్నను మాత్రం ఎవరూ మురికివాడనలేదు. కట్టుడుపళ్లు పెట్టించుకుని దర్జాగా తిరిగాడు. తన చెల్లెలు దవాఖానాకు పోతానంటే అడ్డుపడిందీ ఆయనే. "పళ్లు గీకిస్తే ఉన్నవి గూడ వదులైతయ్. ఏం అక్కర్లేదు" అన్నాడు. మా వైపు అందరూ నమ్మే మాటే అది.

పోయినేడు, ఇంటర్ చదివే నా కూతురికి చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది. నవ్వితే అరచెయ్యి అడ్డం పెట్టుకోసాగింది. అది చూసి ఖమ్మం తీసుకెళ్లాను. "మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్నవయసులోనే పళ్లు ఊడాయా?" అని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. అదే పాచిని ఒకరి చిగురు తట్టుకుంటుంది, ఇంకొకరికి లోపలి ఎముక కూడా కరిగిపోతుంది, ఆ తేడా కొంత పుట్టుకతో జన్యువుల్లోనే వస్తుందట. అలాంటివాళ్లకు తోమడం ఒక్కటే చాలదు, మొదట్నుంచీ పాచి గీకించే క్లీనింగ్ చేయిస్తూ ఉంటే పళ్లు చాలావరకు నిలుస్తాయంది.

వెళ్లి అత్తకు ఇదే చెప్పాను.

"అంటే నేను మురికిదాన్ని కాదన్నట్టేగా? మీ మామ ఉండంగ చెప్పాల్సిన మాట అమ్మా ఇది." మళ్లీ తనే, "పిల్లను జల్దీ తీసుకపో. మీ నాన్న మాట వినకు. దానికి నా కొంగు రావొద్దు" అంది.

నాన్న సణుగుతూనే ఉన్నాడు, నేను తీసుకెళ్తూనే ఉన్నాను.

మేము వెళ్లేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. దవడకు గుడ్డ కట్టి, పైనుంచి నోటి మీదుగా కొంగు కప్పారు. "బతికినన్నాళ్లూ గట్లనే ఉంది కదా" అంది అత్త తోటికోడలు. నేను కొంగు తీసేశాను. నాన్న వంగి మళ్లీ కప్పబోయాడు.

"వద్దు తాతా" అని నా కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాత అత్త పక్కనే కూలబడి, అంతమంది ముందు, నోటికి ఏ అడ్డమూ పెట్టుకోకుండా ఏడ్చింది.