మైకు దగ్గర మింగేసిన పేరు

మ్యాచ్ ఉన్న రోజు ఖమాయిస్ హరీసా ముట్టడు. ట్యునీసియా దక్షిణాన ఆ ఊళ్లో ఎండుమిరప ముద్ద నంజుకోకుండా పొద్దున్నే రొట్టె తినే మనిషి మరొకడు కనపడడు. ఆ శనివారం కూడా భార్య సాల్హా శనగల పులుసులో రొట్టె తుంచి వేసి, పైన ఆలివ్ నూనె పోసి, హరీసా గిన్నెను అతని చేతికి అందనంత దూరం జరిపింది.

"గొంతుకి కాపలా బాగానే కాస్తావు. ఇవాళ నోటికి కూడా ఒక కాపలా పెట్టుకో," అంది.

"ఇప్పుడు నేనేమన్నాననీ?"

"అంటావేమోనని. వచ్చే వారం ఘర్సల్లా వాళ్లింట్లో పెళ్లి. వంటంతా నా చేతుల మీద నడవాలి. అది గుర్తుపెట్టుకుని మైకులో చదువు."

ఖమాయిస్ గిన్నె ఖాళీ చేశాడు.

వారమంతా అతను షేర్ టాక్సీల స్టాండులో కేకలు వేస్తాడు. మెద్నీన్, గాబెస్, స్ఫాక్స్ అని ఒక్కసారి పిలిస్తే చాలు, రోడ్డవతల కాఫీ తాగుతున్నవాడు కూడా సంచి భుజాన వేసుకుంటాడు. ఆ గొంతు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి పెళ్లిళ్లలో డోలు వాయిస్తూ పాడేవాడు. ఆ ఊళ్లో పెళ్లి డోలు నల్లవాళ్ల పని, తరాలుగా వాళ్లదే. ఊరి ఫుట్‌బాల్ క్లబ్ పాత అనౌన్సర్ జబ్బుపడ్డ ఏడాది ఎవరో స్టాండుకొచ్చి ఖమాయిస్‌ని పట్టుకుపోయారు. అప్పట్నుంచీ స్టేడియంలో మైకు అతనిదే. దానికి జీతమంటూ లేదు. కాకపోతే, మామూలు రోజుల్లో "ఒరేయ్" అని పిలిచే డ్రైవర్లు మ్యాచ్ మర్నాడు "ఖమాయిస్ అన్నా" అంటారు.

ఇవాళ్టి మ్యాచ్ మాత్రం వేరు. ఉత్తరాఫ్రికా క్లబ్బుల కప్పులో ఊరి జట్టు ఆడటం ఇదే మొదలు. జట్ల పేర్లు చదివే ముందు దేశ ఫుట్‌బాల్ సమాఖ్య పంపిన ప్రకటన ఒకటి చదవాలి. మనిషి రంగును ఎగతాళి చేసేవాళ్లకు ఆటలో చోటు లేదని, మనమంతా ఒకే కుటుంబమని అందులో ఉంది.

ఆ ప్రకటన పుట్టింది ఫర్జానీ వల్ల. ఫర్జానీ ఊరి జట్టులో ఎడమ వైపు ఆడే కుర్రాడు, ఖమాయిస్ ఉండే నల్లవాళ్ల పేటవాడు. పోయిన నెల పొరుగూరి మైదానంలో అతను కార్నర్ కొట్టడానికి మూలకు వెళ్తే, వెనక గ్యాలరీ అంతా ఒక్క గొంతై "వసీఫ్! నీళ్లు తే! వసీఫ్! నీళ్లు తే!" అని అందుకుంది. ఇంట్లో పనివాణ్ణి పిలిచే పాత పిలుపు అది. ఫర్జానీ బంతిని చంకన పెట్టుకుని మైదానం దాటి, నేరుగా బస్సులోకి వెళ్లి కూర్చున్నాడు. సమాఖ్య విచారణ జరిపింది. చెప్పకుండా మైదానం వదిలినందుకు ఫర్జానీ మీద రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. అరిచిన వాళ్ల క్లబ్ గోడకు ఒక బ్యానర్ కట్టాలని ఆదేశం వెళ్లింది. ఆ పైన ఈ ప్రకటన.

పేటలో కాఫీ కొట్టు నడిపే మోంజీ అభిమానుల సంఘానికి పెద్ద. కప్పు మొత్తాన్నీ బహిష్కరించాలని మొదట అన్నది అతనే. గురువారం కొట్టు ముందు నుంచి పోతున్న ఖమాయిస్‌ని కేకేసి కూర్చోబెట్టాడు.

"రావయ్యా, సమాఖ్య వారి గొంతూ! ప్రకటన బట్టీ పట్టావా?"

"చదివేదానికి బట్టీ ఎందుకురా?"

"చదవకుండా ఉండటానికి కూడా బట్టీ అక్కర్లేదు. మా గ్యాలరీ ఖాళీగా పెడుతున్నాం. జట్టుని కూడా దిగొద్దంటున్నాం. నువ్వు కూడా ఇంట్లో కూర్చో."

"కప్పు మానేస్తే ఎవరికి నష్టం? మనకేగా?"

"ఆహా! ఆ మధ్య పిల్లల టోర్నమెంటులో మన దేశం జెండా ఒక జానెడు కిందకి కట్టారని సమాఖ్య జట్టుని వెనక్కి పిలిపించిందా లేదా? అప్పుడెవరూ నష్టం లెక్కెయ్యలేదే! గుడ్డకున్న పౌరుషం మా ఫర్జానీకి ఉండకూడదా?"

కొట్లో కూర్చున్నవాళ్లు నవ్వారు. ఖమాయిస్‌కి నవ్వు రాలేదు. మోంజీ చెప్పింది తప్పనిపించలేదు, ఇంట్లో కూర్చోవాలనీ అనిపించలేదు.

"క్లబ్ అధ్యక్షుడు స్వయంగా అడిగాడు మరి," అన్నాడు.

"ఎవరూ, తాహర్ ఘర్సల్లానా? నువ్వు 'సీదీ తాహర్' అంటావుగా? దొరా అని నోరారా అనలేక ఇవాళ అధ్యక్షుడంటున్నావా?" మోంజీ కాఫీ గ్లాసు ముందుకు తోశాడు. "తాగు. నీ దొరకి చెప్పకులే."

తాహర్ ఘర్సల్లా చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. ఆలివ్ నూనె మిల్లుంది, క్లబ్‌ని సొంత చేత్తో నిలబెట్టాడు, ఫర్జానీని పదేళ్లప్పుడు వీధిలోంచి మైదానానికి తెచ్చింది అతనే. ఎక్కడికి వెళ్లినా "వీడు మావాడు" అని భుజం మీద చెయ్యేసి పరిచయం చేస్తాడు. ప్రకటన వచ్చిన రోజు ఖమాయిస్‌ని ఆఫీసుకి పిలిపించి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"ఇది ట్యూనిస్ వాళ్లెవరో చదివితే ఎవడికి పడుతుంది ఖమాయిస్? నీ గొంతులో వినపడాలి. పైనుంచి పరిశీలకుడు వస్తున్నాడు. మన ఊరు ఎలాంటిదో చూసి వెళ్తాడు."

"అలాగే సీదీ," అన్నాడు ఖమాయిస్. తన గొంతే ఎందుకు కావాలో అతనికి తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు.

అంతవరకే అయితే శనివారం చదివేసి ఇంటికి వచ్చేవాడు. కానీ శుక్రవారం మధ్యాహ్నం నమాజయ్యాక ఫర్జానీ ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బాబాయ్, నిషేధం అయిపోయింది, నేను రేపు ఆడుతున్నాను."

"మోంజీ వాళ్లు ఒప్పుకున్నారా?"

"వాళ్లొద్దంటున్నారు. నేను మానేస్తే సమాఖ్యకి పీడ వదిలినట్టే కదా? నా చొక్కా ఇంకొకడు వేసుకుంటాడు. ప్రకటన ఎలాగూ చదువుతారు. నాకు అది కాదు కావాల్సింది. రేపు నా పేరు మొత్తం చదువు."

"మొత్తం అంటే?"

"కార్డు మీద ఎలా ఉందో అలా. నువ్వెప్పుడూ మింగేస్తావు చూడు, ఆ ముక్కతో సహా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

ఆ పేటలో సగం ఇళ్లవాళ్ల గుర్తింపు కార్డుల మీద ఆ ముక్క ఉంది. ఫర్జానీ అసలు పేరు ఫర్జానీ అతీగ్ బెన్ ఘర్సల్లా. ఘర్సల్లాలు విడిచిపెట్టిన బానిస అని దానర్థం. విడుదలయ్యింది ముత్తాతల కాలంలో. ముక్క మాత్రం మునిమనవల పేర్లలో ఉండిపోయింది. ఎంత అలవాటైనా దాన్ని పైకి అనకపోవడం పేటలో మర్యాద. బడిలో పంతులు పేర్లు పిలిచినా, ఆసుపత్రిలో నర్సు పిలిచినా, ఆ ముక్క దగ్గరకొచ్చేసరికి పిల్లలు ముందే "వచ్చాం" అని అరిచేస్తారు. ఖమాయిస్ కూడా మైకు చేతికొచ్చిన మొదటి రోజు నుంచీ అదే మర్యాద పాటించాడు. తన పేటవాళ్లెవరు జట్టులోకి వచ్చినా సొంత పేరు ఒక్కటే చదివి వదిలేసేవాడు. వాళ్ల పరువు తన చేతిలో ఉందని, దాన్ని భద్రంగా కాస్తున్నానని అనుకునేవాడు.

"కోర్టులో అర్జీ పెట్టి తీయించుకోవచ్చుగా? కొందరు తీయించుకుంటున్నారు," అన్నాడు ఖమాయిస్.

"ఇంటిపేరు మార్చాలంటే నాన్న సంతకం కావాలి, పెట్టనంటున్నాడు. ఘర్సల్లాలు నొచ్చుకుంటారట."

"నువ్వేమో స్టేడియంలో చదివించి నొప్పిస్తానంటున్నావు! జనం నవ్వుతారురా అబ్బీ. పొరుగూరివాళ్లకి కొత్త పాట దొరుకుతుంది."

"నవ్వనీ. వసీఫ్ అని అరిచినప్పుడు అందరూ ఏమన్నారు? ఎవరో ఆకతాయిలు అన్నారు. ఇది ఆకతాయిలు పెట్టిన పేరా? సర్కారు ముద్రేసి ఇచ్చిన పేరు. ఇన్నేళ్లూ నువ్వు దాచింది మన పరువనుకున్నావు బాబాయ్. వాళ్ల పరువే దాచావు."

ఖమాయిస్‌కి కోపం వచ్చింది. "పో, ముందు గోల్ దగ్గరికి సెంటర్ పాస్ సరిగ్గా వెయ్యడం నేర్చుకో. నాకు నేర్పుతావా!" అని కసిరాడు. ఫర్జానీ వెళ్లిపోయాడు. ఆ పూట ఖమాయిస్ తన కార్డు తీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఘర్సల్లాలు అతని తాతనీ విడిచిపెట్టారు.

శనివారం ఎండ మండిపోతోంది. మోంజీ అన్నంత పనీ చేశాడు. గోల్ వెనక గ్యాలరీలో సిమెంటు మెట్లు తప్ప ఏమీ లేవు. మిగిలిన మూడు వైపులా జనం ఉన్నారు. నీడ ఉన్న వరసలో తాహర్ ఘర్సల్లా, ఆయన పక్కన రాజధాని ట్యూనిస్ నుంచి సమాఖ్య పంపిన పరిశీలకుడు. మైకు గది వాళ్ల నెత్తి మీదే. పరిశీలకుడి మనిషి జట్ల కాగితం తెచ్చిచ్చి, "పేర్లు కార్డు మీద ఉన్నట్టే, నిబంధన," అని చెప్పి దిగిపోయాడు. ప్రతి మ్యాచ్‌కీ చెప్పే మాటే అది. ఎవరూ పట్టించుకోరు.

ప్రకటన చదివాడు. గొంతు బాగా పలికింది. ఒకే కుటుంబం అనే చోటికి వచ్చేసరికి నీడ వరసలో చప్పట్లు పడ్డాయి. రెండు జట్ల కెప్టెన్లు చేతులు కలిపారు, ఫొటోలు తీశారు.

తర్వాత పేర్లు. గోల్‌కీపర్, వెనక నలుగురు, మధ్యలో వాళ్లు. ఒక్కో పేరుకీ జనం కేక వేస్తున్నారు. ఫర్జానీ వంతు వచ్చింది. ఖమాయిస్ నిండా ఊపిరి పీల్చాడు. తండ్రి డోలు కొట్టేముందు అలాగే పీల్చేవాడు.

"ఫర్జానీ... అతీగ్ బెన్ ఘర్సల్లా."

రావాల్సిన కేక సగంలో ఆగిపోయింది. ఎదురు గ్యాలరీలో ఒకడు పకపకా నవ్వాడు, వాణ్ణి చూసి ఇంకొందరు నవ్వారు. పేటవాళ్లు కూర్చున్న వైపు మగవాళ్లు తల దించుకున్నారు. ఒక ముసలావిడ మాత్రం లేచి మైకు గదివైపు చెయ్యూపుతూ తిట్టింది. ఏం తిట్టిందో అంతదూరం వినపడలేదు. ఫర్జానీ మైదానం మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఖమాయిస్ మిగిలిన పేర్లు చదివాడు. చివర్లో ఎప్పుడూ "మైకు దగ్గర మీ ఖమాయిస్" అని ముగిస్తాడు. అక్కడ ఆపేసినా సరిపోయేది. కుర్రాణ్ణి ఒక్కణ్ణే ఎండలో నిలబెట్టి తను గదిలో కూర్చున్నట్టు అనిపించింది.

"మైకు దగ్గర ఖమాయిస్ అతీగ్ బెన్ ఘర్సల్లా," అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. రిఫరీ ఈల వేశాడు, ఆట మొదలైంది.

ఫర్జానీ బాగా ఆడలేదు. వేసిన సెంటర్లన్నీ గోల్ దాటి బయటికి పోయాయి. రెండో సగంలో అతన్ని బెంచి మీదికి పిలిచారు. మ్యాచ్ గోల్ లేకుండా ముగిసింది.

తాహర్ మెట్లెక్కి మైకు గదికి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. గొంతు మాత్రం పెంచలేదు.

"నీకు నేనేం తక్కువ చేశాను ఖమాయిస్?"

"ఏమీ లేదు సీదీ."

"మా తాత మీవాళ్లని విడిచిపెట్టాడు. అమ్ముకోలేదు. ఆ మాట మైకులో ఎందుకు చెప్పలేదు?"

"అతీగ్ అంటే అదే కదా సీదీ. అదే చదివాను," అన్నాడు ఖమాయిస్. తాహర్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బయట మోంజీ గేటు దగ్గర కాపేసి ఉన్నాడు. మెచ్చుకుంటాడనుకున్నాడు ఖమాయిస్.

"పేరు చదివావు, బాగానే ఉంది. ముందు వాళ్ల ప్రకటన ఎందుకు చదివావు? చప్పట్లు వాళ్లకి పడ్డాయి, తిట్లు నీకు పడ్డాయి. సంతోషమేనా?"

ఇంట్లో సాల్హా ఏమీ అడగలేదు. పెళ్లి వంటకి రావద్దని ఘర్సల్లాల ఇంటి నుంచి అప్పటికే కబురొచ్చింది. పెళ్లి రోజున పేటలో మిగిలిన ఆడవాళ్లు వంటకి వెళ్లారు. డోలువాళ్లు కూడా వెళ్లారు. పేరు మార్పించే అర్జీ మీద ఫర్జానీ తండ్రి ఇంకా సంతకం పెట్టలేదు.

అనౌన్సర్ అనుమతి లేకుండా రాజకీయ వ్యాఖ్య చేశాడని పరిశీలకుడు సమాఖ్యకి రాశాడు. ఖమాయిస్ అనౌన్సర్ కార్డు వెనక్కి తీసుకున్నారు. నిబంధన ప్రకారమే చదివానని అతను రాసిన జవాబుకి ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. స్టాండులో డ్రైవర్లు మళ్లీ ఒరేయ్ అనడం మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురు అనడం లేదు.

సొంత మైదానంలో తర్వాతి మ్యాచ్‌కి ట్యూనిస్ నుంచి రికార్డు చేసిన గొంతు వచ్చింది. ఒకే కుటుంబం అన్న ప్రకటన అలాగే ఉంది. ఇబ్బంది లేకుండా ఉండేందుకని ఆటగాళ్ల పేర్లు చదవడం తీసేశారు. వాటి బదులు చొక్కాల మీది పదకొండు నంబర్లు చదివారు.