ఏడుపుల మీద డాక్టరేట్

మొన్న ఐతారం చావింట్ల నా పరువు నేనే తీసుకున్న. వేరేటోళ్ళు ఎవ్వలు తియ్యలే. నా చేతులతోని నేనే, నలుగురి ముందట, ఫుల్ సౌండ్ పెట్టి మరీ తీసుకున్న. చాయ్ చల్లారక ముందే తాగుండ్రి, చెప్పుడు మొదలుపెడితే నడుమ ఆపను. గా ఫ్యాన్ మాత్రం బంద్ చేయకుండ్రి, తిరగనియ్యండ్రి. ఎందుకో మీకే తెలుస్తది.

నా డాక్టరేట్ సంగతి మీకు ఎరుకే గద. ముప్పై ఐదేండ్లు బడులల్ల పని చేసి హెడ్ మేడంగ రిటైరైన. నేను వరండాల నడుస్తుంటే క్లాసులల్ల మాట బంద్ అయ్యేది, గంత పేరుండె నాకు. రిటైరైనంక ఇంట్ల ఊకె కూసుంటే పొద్దు పోలే. మా సారు ఏం చేసినా తప్పులు పట్టుడు షురూ చేసిన. ఆయన్నే చేతులు జోడించి "నువ్వు ఏమన్న చదువుకోరాదు" అన్నడు. పీహెచ్‌డీల చేరిన. అరవై నాలుగేండ్లకు పట్టా చేతికొచ్చింది.

సబ్జెక్టు ఏడుపులు. నవ్వకుండ్రి. మన దిక్కు చావింట్ల ఆడోళ్ళు ఉట్టిగ ఏడ్వరు గద. మాటలు కట్టి, రాగం తీసి, పోయినోళ్ళ గుణాలు, ఉన్నోళ్ళ తప్పులు అన్ని చెప్పుకుంట ఏడుస్తరు. గా శోకాల మీద నా పరిశోధన.

ఏడుపులు రికార్డు చేయాలంటే చావులకే పోవాలె. ఐదేండ్లు పోయిన. దాంతోని ఏమైందంటే, ఊర్లల్ల నన్ను చూస్తే జనం బుగులు పడవట్టిండ్రు. ఒక ఊర్ల తెలిసిన ముసలాయనకు పాణం బాగలేదంటే, మర్యాదకు పండ్లు పట్టుకొని చూద్దామని పోయిన. కోడలు నన్ను తలుపు కాడనే ఆపి, "ఇంక టైముంది మేడం" అన్నది. పండ్లు సుత తీసుకోలే.

నాకు అసలు ఆధారం మా పెద్దవ్వ రాజవ్వ. నన్ను కన్న మా అవ్వకు సొంత అక్క. వేములవాడ దాటినంక చిన్న ఊరు వాళ్ళది. చిన్నప్పుడు మా అవ్వకు జబ్బు చేస్తే రెండేండ్లు నన్ను సాకింది ఆమెనే. చుట్టుపక్కల ఊర్లల్ల ఎవ్వలు పోయినా పెద్దవ్వను పిలుచుకపోయేటోళ్ళు. ఆమె గొంతెత్తితే ఎంత గట్టి మనిషైనా తువ్వాల మొకానికి అడ్డం పెట్టుకోవాల్సిందే.

ఆమె బిడ్డ లక్ష్మి తల్లితోనే ఉంటది, బీడీలు చేస్తది. నేను రికార్డింగ్‌కు కూసున్నప్పుడల్ల పక్కన తునికాకు కత్తిరిచ్చుకుంట ఉండేది. కత్తెర చప్పుడు ఫోన్ల పడుతుందని "లక్ష్మీ, జర అవతలికి పోరాదు" అంటుంటి. చాట ఎత్తుకొని గోడ అవతలి అర్రలకు పోయేది.

పెద్దవ్వ నన్ను ఏమీ అడుగలే. చీర పెడితే సుత వద్దన్నది. ఒక్కటే కోరింది. తాను పోయిన దినం నేను మాటలతోని ఏడ్వాలె, ఉట్టి ఏడుపు అందరు ఏడుస్తరు అన్నది. గదెంత పని పెద్దవ్వా, నీ శోకాలన్ని నాకు నోటికొచ్చు అన్న. చేతుల చెయ్యేసి మాటిచ్చిన.

వైవా నాడు పెద్ద ప్రొఫెసర్ సారు, రాజవ్వ తర్వాత ఈ విద్య ఇంకెవరికైనా ఉన్నదా అని అడిగిండు. లేదు సార్, ఆమెతోనే ఆఖరు అని గట్టిగ చెప్పిన. గదే నా థీసిస్‌ల ఆఖరి అధ్యాయం. అందరు చప్పట్లు కొట్టిండ్రు.

మొన్న ఐతారం పొద్దుగాల లక్ష్మి ఫోన్ చేసింది. "అక్కా, అవ్వ పోయింది" అని పెట్టేసింది. ఉన్న చీర మీదనే బయలెల్లిన. అయినా బస్సెక్కి కూసున్నంక నా బుద్ధి ఎటు పోయిందనుకున్నరు? ఎట్ల ఏడ్వాలె, ఏ శోకం ముందు, ఏది ఎనుక, గిదే ఫికర్. ఆఖరికి బ్యాగులకెల్లి కాగితం తీసి చిట్టీ రాసుకున్న. పరీక్ష హాళ్ళల్ల ఎన్ని చిట్టీలు పట్టుకున్నయో ఈ చేతులు.

ఇంటి ముందట టెంటు వేసిండ్రు. డప్పులోళ్ళు ఓ పక్కకు కూసున్నరు. ఆడోళ్ళు పెద్దవ్వ చుట్టు కూసోని ఏడుస్తుండ్రు. నేను లోపటికి అడుగు పెట్టిన. టక్కున ఏడుపు ఆగింది. అచ్చం మా బడి వరండాల లెక్కనే.

పక్కింటి కొమురవ్వ జరిగి నాకు జాగ ఇచ్చింది. ఇచ్చి, మెల్లగ నా చెవుల "మొదలు పెట్టమంటవా మేడం?" అన్నది. ఒకామె కొంగు సదురుకున్నది. తప్పు పోతే బుక్కుల ఎక్కుతది, ఊకోండ్రి అని ఎనుకకెల్లి ఎవ్వలో గునిగిండ్రు. ఇగ ఒక్కలు నోరు తెరువలే. శవం ముందట సప్పుడు లేదు. బయట మగోళ్ళు, ఊరంతటికి ఏడ్సినామెకు ఏడ్సేటోళ్ళు లేకపాయెనా అనుకుంటుండ్రు. లక్ష్మి తల్లి తలకాడ కూసున్నది, నా మొకం సుత చూస్తలేదు.

మస్తు పరేషాన్ అయిన. నావల్ల పెద్దవ్వ ఏడుపు లేకుండ పోతదేమోనని భయమైంది. నేనేం రికార్డు చేస్తలేను, చూసుకోండ్రి అని బ్యాగులకెల్లి ఫోన్ తీసి అందరికి చూపిచ్చిన. కండ్లద్దాలు బ్యాగులనే ఉన్నయి. వేలు ఎక్కడ తాకిందో ఏమో. నా చెవులు జర మందం గద, విని రాసుకునేటందుకు సౌండు ఎప్పుడు ఫుల్లే. గంత సప్పుడు లేని ఇంట్ల పెద్దవ్వ గొంతు లేచింది.

"ఓ నా కొడుకా మల్లేశా... ఫోన్ల మాట్లాడితివి కొడుకా... పండుగకు వస్తనంటివి కొడుకా... పెట్టెల వస్తనని చెప్పకపోతివి కొడుకా..."

మల్లేశం పెద్దవ్వ కొడుకు. దుబాయి పోయిండు, ఆడ పని కాడ కింద పడి పాణం పోయి పెట్టెల ఇంటికొచ్చిండు. గా శోకం నా థీసిస్‌కే తలకాయ. కొమురవ్వ అదిరిపడి శవం దిక్కు చూసింది. ఇద్దరు లేచి దూరం జరిగిండ్రు. ఆపుదామంటే ఎక్కడ ఒత్తాలో నాకు కనవడ్తలేదు. అంతల ఫోన్లకెల్లి ఇంకో గొంతు వచ్చింది. నాదే.

"ఆగు పెద్దవ్వా, ఆగు. ఫ్యాన్ చప్పుడు వస్తుంది. ఫ్యాన్ బంద్ చేసి మళ్ళ మొదటి నుంచి ఏడువు."

పెద్దవ్వ మళ్ళ మొదటి నుంచి ఏడ్సింది. మళ్ళ నా గొంతు. పండుగ అన్నకాడ మాట మింగినవ్, ఇంకొకసారి అంటున్న. ఉక్కపోతల ఆమె ఎగపోసుడు సుత వినవడుతుంది. మూడోసారి ఏడ్సింది. మూడుసార్లు మల్లేశం పెట్టెల వచ్చిండు. రికార్డు చేసిన నాడు నాకు ఏమనిపియ్యలే, నిజం చెప్తున్న. మంచిగ వచ్చిందని ఖుషీ అయిన. అందరి నడుమ వింటే, గీమె ఎవ్వతె, గింత రాయి గుండెది అనిపిచ్చింది.

ఆఖరికి ఫోన్ల పెద్దవ్వ ముక్కు చీదుకొని, ఇప్పుడు సరిగ వచ్చిందా బిడ్డా, నా దినం నువ్వు గిట్లనే ఏడ్వాలె మరి అన్నది. "ఏడుస్త పెద్దవ్వా, ఫికర్ చేయకు" అన్న నా మాటతోని రికార్డింగ్ అయిపోయింది.

అందరు నా దిక్కు చూసిండ్రు.

ఇగ తప్పది. పెద్దవ్వ కాళ్ళకాడ కూసున్న. నోరు తెరిచిన. చిట్టీ బ్యాగుల ఉన్నది, తియ్యాలంటే సిగ్గయింది. ఏ మాట యాదికొచ్చినా అది ఎన్నో అధ్యాయం, దాని కింద ఏ ఫుట్‌నోట్, గదే యాదికొస్తుంది. గొంతు పెగుల్చుకుంటే ఒక దగ్గొచ్చింది. గంతే.

గప్పుడు లేచింది లక్ష్మి గొంతు.

"ఓ నా అవ్వా... ఫ్యాను బంద్ పెట్టి ఏడిపిచ్చిరా అవ్వా... కన్న కొడుకును మూడుసార్లు సాగనంపితివా అవ్వా... నీ ఏడుపుకు పట్టా ఇచ్చిరంట అవ్వా... పట్టా అందుకున్నోళ్ళకు నోరు రాకపాయె అవ్వా..."

అచ్చం పెద్దవ్వనే. అదే రాగం, అదే విరుపు. ఇన్నేండ్లు చప్పుడైతుందని నేను అర్రలకు పంపిన మనిషి, గోడ అవతల కూసోని అన్ని విన్నది. నా ఆఖరి అధ్యాయం నా ముందటనే తప్పయింది, అదీ నా మీదనే శోకం కట్టి. కొమురవ్వ అందుకున్నది. తర్వాత అందరు అందుకున్నరు. డప్పు మోగింది. పెద్దవ్వ నిండు ఏడుపుతోని పోయింది.

అబద్ధమెందుకు, లక్ష్మి రెండో మాట కాడికి వచ్చేసరికి నా వేలు మళ్ళ ఫోన్ మీదికి పోయింది. గిసొంటి శోకం ఐదేండ్లల్ల నాకు దొర్కలే. గా చెయ్యిని తొడ కింద పెట్టి దాని మీదనే కూసున్న.

అంతా అయినంక వాకిట్ల కాళ్ళు కడుక్కుంటుంటే లక్ష్మి చెంబుతోని నీళ్ళు పోసింది. మాట్లాడుతదో లేదో అనుకున్న.

"అక్కా, నా ఏడుపు ఫోన్ల పట్టినవా?"

"లే లక్ష్మీ, పట్టలే."

"మంచిగ చేసినవ్. మళ్ళ మొదటి నుంచి ఏడువు అంటవేమోనని భయపడ్డ."

గా మాటకు వచ్చింది నాకు ఏడుపు. వాకిట్లనే కూలవడ్డ. మాట లేదు, రాగం లేదు. పెద్దవ్వ వద్దన్న ఉట్టి ఏడుపు. లక్ష్మి పక్కన కూసోని, వీపు మీద చెయ్యేసి జర సేపు విన్నది. విని, "మాటలు కలుపు అక్కా" అన్నది. రావు లక్ష్మీ అన్న.

గిదీ సంగతి. వైవాల అంత పెద్ద సార్లు నన్ను పాస్ చేసిండ్రు. ప్రాక్టికల్స్‌ల మా లక్ష్మి ఫెయిల్ చేసింది.