బదరీ గుట్టకు సంగప్ప మొక్కు

సంగప్పకు కొండ అంటే యాదగిరిగుట్ట. అంతకంటే పెద్ద కొండలున్నాయని చెబితే కాదనడు గానీ, అవి ఎంత పెద్దవో ఊహించుకోవాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. పుట్టింది ఇంద్రేశంలో. ఎటు చూసినా జొన్నచేలు, చదును నేల, అక్కడక్కడా నల్లటి బండలు. చిన్నప్పుడు ఎడ్లబండి తోలాడు. రామచంద్రాపురంలో ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో ఇసుక లారీ తోలాడు. ఫ్యాక్టరీ లేచి, కోస్తా జిల్లాల నుంచి మాలాంటివాళ్లం ఆవకాయ జాడీలతో సహా దిగబడ్డాక, మమ్మల్ని డ్యూటీకి చేరవేయడానికి పటాన్‌చెరు షావుకారు ఒకాయన కొన్న బస్సుకు డ్రైవరయ్యాడు. రోడ్డు మీద బర్రె పడుకుని ఉంటే హారన్ కొట్టేవాడు కాదు. దిగి వెళ్లి, వీపు నిమిరి లేపి వచ్చేవాడు. అతని మూలంగా మేం డ్యూటీకి ఆలస్యమైన రోజులున్నాయి గానీ, అతని మీద కోపం వచ్చిన రోజు లేదు.

డెబ్బై నాలుగు వేసవిలో మా కాలనీ వాళ్లం ఆ బస్సు మాట్లాడుకుని బదరీనాథ్ యాత్రకు బయల్దేరాం. పెత్తనం భీమశంకరంగారిది. ఆఫీసులో హెడ్ క్లర్కు, సాయంత్రాలు పురాణ ప్రవచనం. అంత దూరానికి ఇద్దరు డ్రైవర్లుండాలని షావుకారు మొత్తుకున్నా, "రెండోవాడు ఆ నారాయణుడేనండీ" అని ఆయన తేల్చేశారు.

మా ఇంటి నుంచి నేనూ, మా అత్తగారు లక్ష్మీనరసమ్మగారూ. ఆవిడ మడి మనిషి. అల్లుడి ఎదుట కూర్చోరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. నాకేదైనా చెప్పాలంటే గోడకు చెబుతారు, నేను వినాలి. బస్సులో గోడ లేదు కనుక కిటికీకి చెప్పేవారు. డ్రైవరు వెనక సీటంతా ఆవిడదే. పక్కన మడిబట్టల సంచి. ఆ సంచికి ఎవరి మోకాలైనా తగిలిందా, ఇక ఆ పూటంతా కిటికీకి చీవాట్లు.

రిషీకేశ్ దాటి రోడ్డు పైకి లేవడం మొదలుపెట్టగానే సంగప్ప బస్సాపాడు.

"ఇదేనా సార్, గుట్ట?"

శంకరంగారు చేయి చాపి, "ఇక్కణ్ణుంచి నీ కంటికి కనిపించేదంతా బదరీ నారాయణుడి కొండేనయ్యా" అన్నారు.

సంగప్ప దిగాడు. చిటికెడు మట్టి తీసి కళ్లకద్దుకున్నాడు. చెప్పులు విడిచి సీటు కిందికి తోసి, ఒట్టికాళ్లతో ఎక్కి కూర్చున్నాడు. మాకెవరికీ వింతనిపించలేదు. గుట్ట మొదట్లోనే చెప్పులు విడవడం ఆ ప్రాంతం వాళ్లకు అలవాటే. "చూశారా, భక్తంటే అదీ" అని మా అత్తగారు కిటికీకి చెప్పారు.

పొద్దుగూకేసరికి గుట్ట అయిపోతుందని అతను అనుకున్నాడట. పొద్దుగూకింది, గుట్ట అవలేదు. మర్నాడూ అవలేదు. ఒక కొండ ఎక్కి మలుపు తిరిగితే దాని వెనక మరోటి, దాన్ని మించి మరోటి. ఒక పక్క గోడలా కొండ, రెండో పక్క చూస్తే కళ్లు తిరిగే లోయ, అడుగున దారప్పోగంత గంగ. భజన మొదలుపెట్టినవాళ్లు మొదటి చరణం దగ్గరే ఆగిపోయారు.

"గుట్ట మీద గుట్ట పెట్టిండేందమ్మా దేవుడు!" అన్నాడు సంగప్ప, అద్దంలోంచి మా అత్తగారిని చూస్తూ. నవ్వాడు గానీ, గొంతులో నవ్వు లేదు.

జోషీమఠ్ చేరేసరికి చలి ఎముకలు కొరుకుతోంది. మేం తెచ్చుకున్న దుప్పట్లన్నీ కప్పుకున్నాం. సంగప్ప తలకు మఫ్లరు, ఒంటి మీద గొంగడి. కాళ్లకు మాత్రం ఏమీ లేదు. పాదాలు వంకాయ రంగుకు తిరిగాయి. చెప్పులు వేసుకోవయ్యా అంటే, "కానీ సార్, దగ్గరికొచ్చినం గద" అంటాడు.

అక్కణ్ణుంచి రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. పైకి పోయేవాటిని ఒక విడత, కిందికి దిగేవాటిని ఒక విడత వదులుతారు. ఆ విడతలో మా బస్సే చివరిది. హనుమాన్‌చట్టి అనే చోట టీ కొట్లు కనబడుతున్నాయనగా, మలుపులోంచి మేకల మంద రోడ్డు మీదికి వచ్చింది. మామూలుగా అయితే సంగప్ప ఆపి, దిగి, ఒక్కో మేకనూ బుజ్జగించి పంపేవాడే. ఈసారి బస్సు ఆగలేదు. మేకలు చెల్లాచెదురయ్యాయి. బస్సు లోయవైపుకు జరిగింది. సంగప్ప రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు పీకాడు. కీచుమని అరిచి, ముందు చక్రం అంచు మీద ఆగింది. చక్రం కింది రాళ్లు దొర్లుకుంటూ పోయాయి. అవి అడుగున పడిన చప్పుడు కోసం అందరం చెవులు రిక్కించాం. వినబడలేదు.

ఎలా దిగామో నాకు తెలియదు. దిగి చూసుకుంటే నా చంకలో మా అత్తగారి మడిసంచి ఉంది. ఆవిడ చూశారు. ఏమీ అనలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

మగవాళ్లం బస్సును వెనక్కి తోసి, కొండవైపు ఖాళీ జాగాలో నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టాం. సంగప్ప మెట్టు మీద కూర్చుని తన పాదాల వంకే చూస్తున్నాడు.

"బ్రేకు మీద కాలు పెట్టిన్ననే అనుకున్న సార్. పెట్టలే. నా కాలు ఏడున్నదో నాకే ఎరుక లేదు."

శంకరంగారు బిగ్గరగా, "మేజోళ్లు తొడుక్కో! ఇప్పుడే! ఎవరివైనా ఇవ్వండయ్యా" అన్నారు.

"తొడుగ సార్."

"నలభై ప్రాణాలయ్యా!"

"తెలుసు సార్. నన్ను తిట్టుండ్రి, కొట్టుండ్రి. తొడుగ." అప్పుడు బయటపెట్టాడు. ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడోది ఆడపిల్ల. ఏడాది నిండకుండానే జ్వరమొచ్చి, మూడు రోజులు కన్ను తెరవలేదు. బతికితే బదరీ గుట్ట మొదట్నుంచి కొన దాకా ఒట్టికాళ్లతో ఎక్కుతానని మొక్కుకున్నాడు. కన్ను తెరిచింది. "నేనిప్పుడు కాలికి గుడ్డ సుట్టినా మొక్కు తప్పినట్టే. తప్పితే ఆయన నా బిడ్డను మళ్లీ అడుగుతడు."

యాదగిరిగుట్టంత అనుకుని మొక్కిన మొక్కు, హిమాలయమంత అయి కూర్చుంది.

"ఆపద్ధర్మం అని ఒకటుందయ్యా" అన్నారు శంకరంగారు. "ఆపదలో నియమం సడలించవచ్చు."

"ఆపద నాది గాదు గద సార్. పొల్లది."

శంకరంగారు దానికి శ్లోకం వెతుక్కుంటున్నారు. అప్పుడు మా అత్తగారు ముందుకొచ్చారు. ఊళ్లో ఎంతటి పేచీ అయినా ఒక్క ప్రశ్నతో తెంపేయగలరని ఆవిడకు పేరు.

"నాయనా సంగప్పా, కొండ ఎక్కుతున్నది నువ్వా, బస్సా?"

"బస్సే అమ్మా."

"నువ్వేం చేస్తున్నావు?"

"కూసున్న."

"మరి కూర్చున్నవాడి కాళ్లకు ఏముంటే ఏం? నీ పాదం కొండకు ఆనడమే లేదే! రేకు మీద ఉంది. మొక్కుకూ మేజోళ్లకూ సంబంధమే లేదు. తొడుక్కో, పద."

మేమంతా ఆహా అన్నాం. శంకరంగారు కూడా తలూపారు. కానీ సంగప్ప మొహంలో రక్తం లేదు.

"అంటే... రిషీకేశ్ కాణ్ణుంచి నేను ఎక్కుతనే లేనా?"

సంగప్ప తలెత్తి పైకి, కొండ కొన వంక చూశాడు.

"నేను ఎక్కుతలేనని ఆయనకు గూడ ఎరుకేనాయె." లేచాడు. గొంగడి బిగించాడు. రోడ్డు మీదికి దిగి పైకి నడవడం మొదలుపెట్టాడు.

క్లీనరు యాదగిరి వెంటబడ్డాడు. "అన్నా! బస్సో?"

"యాడికి పోతది? ఈడ్నే ఉంటది."

"సంగప్పా, మేమెలాగయ్యా?" అని శంకరంగారు అరిచారు.

"జెర మాఫ్ చేయుండ్రి సార్. ఇగ మిగిలిన గుట్టనన్న ఎక్కొస్త."

రెండో డ్రైవరుగా శంకరంగారు పెట్టుకున్న నారాయణుడు బస్సెక్కే జాడ కనిపించలేదు. అందరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. అందరికంటే ఎక్కువ బిత్తరపోయింది మా అత్తగారు. అంత పదునైన ప్రశ్న వేసి, అంత ఘోరమైన జవాబు రాబట్టడం ఆవిడ జీవితంలో అదే మొదలు. ఒక్క నిమిషం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. తర్వాత నావైపు తిరిగారు. కిటికీ వైపు కాదు, నావైపు.

"అల్లుడుగారూ, మీ బూట్లు తోలువా?"

"కాదండీ, గుడ్డవే."

"ఇలా ఇవ్వండి."

నలభైమంది ముందు రోడ్డు మీద కూర్చుని బూట్లు విప్పి ఇచ్చాను. ఆవిడ లేసులు కట్టుకోవడం చేతగాక కాలు ముందుకు చాపారు. నేనే కట్టాను. మా పెళ్లిలో ఆవిడ నా కాళ్లు కడిగారు. అది తిరిగొచ్చినట్టయింది.

"మీరెక్కడికండీ?"

"నోరు జారింది నాది. వాణ్ణి ఒక్కణ్ణీ పంపి ఇక్కడ టీ తాగనా?"

ఆవిడ బయల్దేరితే నేను ఉండగలనా? బాత్రూము స్లిప్పర్లతో వెంటపడ్డాను. నేను కదిలితే ఇంకో నలుగురు. చివరికి బస్సు మాట్లాడుకుని వచ్చిన యాత్రికులం దాదాపు అందరం, బస్సు వదిలేసి బదరీకి కాలినడకన బయల్దేరాం. నడవలేని ముసలివాళ్లకు తోడుగా యాదగిరి ఒక్కడే మిగిలాడు. కొండవాళ్లు టీ కొట్లలోంచి బయటికొచ్చి మమ్మల్ని వింతగా చూశారు.

కొంత దూరం పోయాక ఒకచోట మంచు జారి రోడ్డు మీద పరుచుకుని ఉంది. కాలు ఎక్కడ ఆనిందో తెలియని మనిషికి అది దాటడం చేతకావడం లేదు. సంగప్ప రెండుసార్లు పడ్డాడు. మా అత్తగారు దగ్గరికెళ్లి చేయి అందించారు.

అతను వెనక్కి జరిగాడు. "మీరు మడి గదమ్మా."

"వెధవ మడి. కిందా మీదా అంతా మంచే, అదే కడుగుతుంది. పట్టుకో!"

పట్టుకున్నాడు. నా బూట్లలో ఆవిడ, ఒట్టికాళ్లతో అతను, ఒకరినొకరు ఊతం చేసుకుని ఆ మంచు దాటారు. వెనక నేను స్లిప్పరు ఒకటి మంచులో పోగొట్టుకుని, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక కుంటుకుంటూ దాటాను.

బదరీ చేరేసరికి ఎండ తూర్పు కొండల కొనలకు ఎక్కింది. గుడి కింద వేడినీళ్ల గుండం ఉంది. మంచు మధ్యలో పొగలు కక్కుతూ ఉంటుంది. సంగప్పను గట్టు మీద కూర్చోబెట్టి, పాదాలు ఆవిరి తగిలేలా ఉంచి, మేం చేతులతో రుద్దాం. తర్వాత కొద్దికొద్దిగా గోరువెచ్చటి నీళ్లు పోశాం. చాలాసేపు ఏమీ లేదు. వేరెవరివో కాళ్లను చూస్తున్నట్టు చూస్తున్నాడు.

ఉన్నట్టుండి పెద్ద కేక పెట్టాడు. గుండంలో మునుగుతున్నవాళ్లంతా అదిరిపడి లేచారు. మా అత్తగారి చేతిలో చెంబు నీళ్లలో పడిపోయింది.

"నొప్పి పుట్టింది! అమ్మా, నొప్పి పుట్టిందే!" అని ఏడుస్తూ నవ్వుతున్నాడు. "సూదులు గుచ్చినట్టున్నది! మస్తుగున్నది!"

మా అత్తగారు గట్టు మీద చతికిలబడి, నేను ఎదురుగా ఉన్నానన్న స్పృహ లేకుండా బావురుమన్నారు.

ఒక బొటనవేలి గోరు పోయింది గానీ, కాళ్లు దక్కాయి. ఆ పిల్ల ఇప్పుడు మా కాలనీ బడికే వస్తోంది. మహా గడుగ్గాయి. ఆ సాయంత్రం మాత్రం మాకు అదేమీ తెలియదు. దర్శనానికి పదమన్నాడు సంగప్ప. ఎత్తుకుని తీసుకుపోతామంటే వినలేదు. గుడి మెట్ల మీద ఒక్కో అడుగుకీ "అవ్వో, అయ్యో" అని మూలుగుతూ, మొహం వెలిగిపోతూ ఎక్కాడు. గుట్టంతటిలో అతని పాదాలకు తెలిసినవి ఆ మెట్లే.