తడి రుమాలు

మా బావ, అంటే నా పెనిమిటికి అన్న, దేవరకొండలో లారీల మిస్త్రీ. ఎంత ఎండలోనైనా తలకు రుమాలు చుట్టేవాడు కాదు. ఎందుకో నాకు తెలుసు.

పోలీసు యాక్షన్ తర్వాత, కమ్యూనిస్టుల సంఘంలో తిరిగాడని నా పెనిమిటిని మిలిటరీ లారీ ఎక్కించారు. ఊరు దాటాక లారీ ఆగిపోయింది. బావను పిలిపించారు. వెంట నేనూ ఉరికాను.

చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుందా అని డ్రైవర్‌ను ఉర్దూలో అడిగాడు బావ. డ్రైవర్ తలూపాడు.

"కాయిల్ వేడెక్కంగనే ఇంజనుకు కరెంటు ఇస్తలేదు" అన్నాడు బావ నాతో. పక్కనే సిపాయి తుపాకీ పట్టుకొని ఉన్నాడు. బావ తన తల రుమాలు విప్పి, కడవ నీళ్లలో తడిపి, కాలిపోతున్న కాయిల్‌కు చుట్టాడు. కాసేపటికి ఇంజను అందుకుంది. నా పెనిమిటి మా వైపే చూస్తూ పోయాడు.

బావ నీళ్ల కడవ ఎత్తుకొని, లారీ లేపిన దుమ్ములోనే నడవసాగాడు.

"గుడ్డ ఆరంగనే మళ్ల ఆగుతది బిడ్డా. నీళ్లు పొయ్యనీకి మనం ఉండాలె. జర వాని మొఖం చూసొద్దాం, రా."

పొద్దుగూకేదాకా నడిచాం. లారీ ఎక్కడా ఆగలేదు. నా పెనిమిటి మళ్లీ రాలేదు.

తర్వాత ఎన్నేళ్లకైనా, రోడ్డు మీద ఏ లారీ కదిలినా చేతిలో పని ఆపి, చప్పుడు దూరమయ్యేదాకా చెవి ఒగ్గి నిలబడేవాడు బావ. మంచాన పడ్డాక ఒకనాడు నన్ను దగ్గరికి పిలిచాడు.

"గంత మంచిగ ఎందుకు చుట్టిన బిడ్డా?" అన్నాడు.