పెద్దకర్మ నాటి కాఫీ పొడి

డెబ్భైల్లో మేము తెనాలిలో ఉండేవాళ్లం. మావారు కరెంటు కాఫీ మిషను కొన్నారు. అత్తయ్యగారికి మాత్రం చేత్తో తిప్పే పాత మిషను పొడే ఇష్టం. "మెత్తగా ఆడితే చేదెక్కుద్దే అమ్మాయ్, బరకగా ఉండాలి" అనేవారు.

ఆవిడ పోయాక, పెద్దకర్మ నాడు, నేను మెత్తటి పొడి కోసం మిషను స్క్రూ బిగించి, గింజలు పోసి స్విచ్ వేశాను. కరెంటు లేదు. స్విచ్ తీయడం మరిచి పెరట్లోకి వెళ్లాను. గోడమీది పిండాన్ని కాకులు ముట్టడం లేదు. అంతలో ఎవరూ లేని వంటింట్లో మిషను గిర్రున తిరిగింది. అందరూ వంటింటి వైపు చూశారు.

"కాఫీ పెట్టలేదుగా, అడుగుతోంది" అన్నారు మామయ్యగారు.

ఆ పొడితోనే కాఫీ కలిపి పెట్టగానే కాకి వాలింది.

కరెంటు వచ్చి మిషను తిరిగిందని నాకు తెలుసు. కానీ పొడి తీస్తుంటే వేళ్లకు బరకగా తగిలింది. ఆ స్క్రూ నేను మళ్లీ బిగించలేదు.